ఊరికే వెళ్ళొచ్చాం

తెలుగు స్త్రీల యాత్రా రచనల మీద నేను రాసిన సిద్ధాంత వ్యాసం మొదటి అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. తీర్థయాత్ర, పుట్టింటి ప్రయాణం, పురుడు, పరామర్శ వంటివి కుటుంబం స్త్రీకి కేటాయించిన కదలికలే కనుక వాటిని ఈ పరిశోధనలో యాత్రలుగా పరిగణించడం లేదు అని. 2019లో పట్టా వచ్చింది. పరీక్షకులు ఆ వాక్యాన్ని మెచ్చుకున్నారు. పరిధిని స్పష్టంగా గీసుకున్నారని అన్నారు. ఆ గీత అవతల మా అమ్మ ఉందన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

2024 నవంబరులో ఒక శనివారం ఉదయం అమ్మా నేనూ కారులో రాష్ట్రం సరిహద్దు దాటి పర్లాకిమిడి వెళ్ళాం. ఒక రాత్రి అక్కడ ఉండి మర్నాడు విశాఖ తిరిగొచ్చాం. అంతే జరిగింది. కానీ ఆ రెండు రోజులు నా వాక్యాన్ని నిలవనివ్వలేదు. ఏ పాఠం చదివినప్పుడూ నాకు రాని అనుమానాలు అమ్మ పక్కన కూర్చున్నప్పుడు వచ్చాయి. వాటిని రాసిపెట్టుకోవాలనే ఈ వ్యాసం.

నాన్న ఆ ఏడాది ఫిబ్రవరిలో పోయారు. అంతకు ముందు ఎనిమిదేళ్ళు పక్షవాతంతో మంచం మీదున్నారు. ఆ ఎనిమిదేళ్ళలో అమ్మ ఆస్పత్రికి, మందుల షాపుకి, బ్యాంకుకి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. ఆయన పోయాక మరో రకం కట్టడి వచ్చింది. ఏడాది తిరక్కుండా ఎవరింటికీ వెళ్ళకూడదని మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు. ఎవరూ పిలవలేదు, అంతే. పెళ్ళిళ్ళ శుభలేఖలు అన్నయ్య పేరున వచ్చేవి. అమ్మ వాటిని టీవీ పక్కన పెట్టేది.

నేను హైదరాబాదు నుంచి నాలుగు రోజుల సెలవు మీద వచ్చాను. ఆ ఉదయం నాన్న పాత మారుతి కారు బ్యాటరీ పాడైపోకుండా ఓసారి తిప్పుకొస్తానని తాళాలు తీశాను. "నేనూ వస్తాను, భీమిలి రోడ్డు దాకా" అంది అమ్మ. ముందు సీట్లో కూర్చుంది. ఆ కారు కొని పన్నెండేళ్ళయింది. నాన్న నడిపినన్నాళ్ళూ ఆ సీటు తాతయ్యది, తర్వాత అన్నయ్యది. అమ్మ వెనక సీట్లో సంచుల మధ్య కూర్చునేది. బెల్టు ఎలా పెట్టుకోవాలో నేను చూపించాల్సి వచ్చింది.

ఆనందపురం దగ్గర వెనక్కి తిప్పబోతే, "ఈ రోడ్డు ఇలా పోతే శ్రీకాకుళమే కదే" అంది. అవునన్నాను. కాసేపు ఊరుకుని, "అక్కణ్ణించి పర్లాకిమిడి ఎంతో దూరం ఉండదు" అంది. నేను బండి తిప్పలేదు. బట్టలు లేవు, బ్రష్షులు లేవు, గ్యాసు కట్టేశామా లేదా కూడా గుర్తులేదు. రణస్థలంలో టీ తాగుతూ రెండు తువ్వాళ్ళు కొన్నాం.

పర్లాకిమిడి అమ్మ పుట్టిన ఊరు. 1961లో పుట్టింది. మా అమ్మమ్మ భర్త, అంటే మా తాతయ్య, అక్కడ బియ్యం మిల్లులో లెక్కలు రాసేవారు. 1980లో పెళ్ళై విశాఖ వచ్చింది. 2003లో అమ్మమ్మ పోయాక ఇల్లు అమ్మేశారు, దాంతో వెళ్ళడానికి కారణం పోయింది. ఆడవాళ్ళకి పుట్టిన ఊరికి వెళ్ళాలంటే అక్కడ తల్లో, అన్నదమ్ములో ఉండాలి. ఊరు ఉంటే చాలదు. ఇరవై ఒక్కేళ్ళుగా అమ్మ ఆ ఊరి పేరెత్తగా నేను వినలేదు. నేనూ అడగలేదు. మూడు వందల పేజీలు స్త్రీల ప్రయాణాల మీద రాసినదాన్ని, మా అమ్మకి ఎక్కడికైనా వెళ్ళాలనుందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

తెలుగులో ఆడదాని కదలికకి ఉన్న మాటలు ఓసారి వరసగా చూడండి. గడప దాటడం, లేచిపోవడం, బయటపడడం, తిరుగుబోతు. మగవాడు తిరిగితే దేశదిమ్మరి అంటాం, ఆ మాటలో తిట్టు ఉన్నా కొంచెం ముచ్చట కూడా ఉంది. తిరిగి ఆడది, తిరక్క మగవాడు చెడతారని సామెతే ఉంది. క్రియ ఒకటే, దాని ఫలితం మాత్రం కర్తని బట్టి మారిపోతుంది. మన సాహిత్యం కూడా చాలాకాలం ఈ వ్యాకరణాన్నే పాటించింది. కథలో స్త్రీ ఇల్లు విడిచిందంటే అది ఒక తీర్పు కోసమే. విప్లవమో, పతనమో, ఏదో ఒకటి తేలాలి. ఏ తీర్పూ కోరకుండా వెళ్ళి, మర్నాడు ఇంటికొచ్చి పప్పు నానబోసుకునే ప్రయాణానికి అందులో చోటు తక్కువ.

యాత్రా సాహిత్యానికి వస్తే మన చరిత్రని ఏనుగుల వీరాస్వామితో మొదలుపెడతాం. 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' నిజంగానే గొప్ప పుస్తకం. ఏ ఊళ్ళో నీళ్ళు బాగుంటాయో, ఏ మజిలీలో ఏ సామాను దొరుకుతుందో ఒక్క రోజూ విడవకుండా రాశాడు. పరివారంలో ఇంటి ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ ఆ పదిహేను నెలలూ అవే దార్లు, అవే అడవులు, అవే నదులు దాటారు. ఆ సామాను పొయ్యి మీదికెక్కాక ఎవరి చేతుల్లో వంటయిందో ఆలోచిస్తే పుస్తకం ఇంకోలా కనిపిస్తుంది. రాసినవాడు యాత్రికుడయ్యాడు, వెంట నడిచినవాళ్ళు సామానులో కలిసిపోయారు. గమనించాల్సిందేమిటంటే, ఆయన చేసిందీ తీర్థయాత్రే. నేను ఆడవాళ్ళ తీర్థయాత్రలని "కుటుంబం కేటాయించిన కదలికలు" అని పక్కన పెట్టి, ఆయన తీర్థయాత్రని తెలుగు యాత్రా సాహిత్యానికి ఆది అని ఏ ఇబ్బందీ లేకుండా రాసేశాను. నా కొలమానం రెండు రకాలుగా ఉందని ఏ పరీక్షకుడూ పట్టుకోలేదు.

ఆడవాళ్ళు రాసినవి లేవా? ఉన్నాయి. పోతం జానకమ్మ 1870లలో ఇంగ్లండు వెళ్ళొచ్చింది. ఆమె పుస్తకం ఇంగ్లీషులో 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' పేరుతో 1876లో వచ్చింది. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' ఉంది. అబ్బూరి ఛాయాదేవి 'చైనాలో ఛాయాచిత్రాలు' ఉంది. సిద్ధాంత వ్యాసంలో వీటిని గురించి చాలా రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే నేను ఎంచుకున్న ప్రయాణాలన్నిటికీ ఒక పోలిక ఉంది. అవి దూరం. వాటికి చెప్పుకోదగ్గ కారణం ఉంది. తిరిగొచ్చాక పుస్తకం ఉంది. పుస్తకం లేని ప్రయాణం నా దృష్టిలో జరగనట్టే.

భండారు అచ్చమాంబ సంగతి చూడండి. భర్త ఉద్యోగం వల్ల తెలుగు దేశానికి దూరంగా మధ్యపరగణాల్లో బతికింది. 1901 నుంచి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రకటించింది. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. తెలుగు ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. 1905లో చనిపోయింది. ఆమెని తొలి కథకురాలిగా చదువుతాం, స్త్రీల చరిత్రకారిణిగా చదువుతాం. ఎల్ల దాటుతూ, దాటుతూ పనిచేసిన ప్రయాణికురాలిగా చదవం. ఆ రైళ్ళ గురించి ఆమె పుస్తకం రాయలేదు కదా అనుకుంటాం. నేను అలాగే అనుకుని వదిలేశాను.

మడపాం దగ్గర వంశధార దాటి, నరసన్నపేట వచ్చాక హైవే వదిలాం. అక్కణ్ణించి అమ్మ మాట్లాడడం మొదలెట్టింది. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలు, అది ఎక్కి టెక్కలి సినిమాకి వెళ్ళడం, బొగ్గు నలుసులు కళ్ళలో పడడం. 1900లో మొదలైన ఆ నారోగేజి రైలు ఇప్పుడు లేదు, బ్రాడ్‌గేజి అయిపోయింది. "అంత నెమ్మదిగా పోయీదే అది. దిగి నడిచినా అందుకోవచ్చు" అంది. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ మాట విశాఖ మాటే. పాతపట్నం దగ్గరకొచ్చేసరికి "పోయీది", "వచ్చీది" అని యాస దిగింది. ఇంత కాలం ఎక్కడ దాచిందో.

పాతపట్నంలో నీలమణి దుర్గ గుడి దగ్గర ఆపమంది. నాకు మనసులో చిరాకు వేసింది. ఇంత చేసీ చివరికి గుడికేనా అనుకున్నాను. పైకి అనలేదు గానీ అమ్మకి తెలిసిపోయింది. "దండం పెట్టుకోడానికి కాదే. ఏడాది వెళ్ళలేదు కదా, లోపలికి రాను. ఇక్కడ కూచునీవాళ్ళం మేము, స్నేహితులం. ఇంట్లో గుడికి అని చెప్పి వచ్చి, ఇక్కడ కూచుని బఠాణీలు తినీసి పోయీవాళ్ళం." పావుగంట అలా కూర్చున్నాం. నేను వెళ్ళి బఠాణీలు తెచ్చాను.

తీర్థయాత్ర అన్న మాటని నేను ఎంత పైపైన చదివానో అక్కడ అర్థమైంది. అది కుటుంబం ఇచ్చిన అనుమతి అన్నది నిజమే. కానీ ఆ అనుమతి కింద ఏం జరిగిందో నేను చూడలేదు. గుడి అన్నది ఆ ఆడపిల్లలకి చెప్పుకోడానికి పనికొచ్చిన మాట. వెళ్ళింది మెట్ల దగ్గరికి, బఠాణీలకి, ఒకళ్ళ మాట ఒకళ్ళు వినడానికి. కాగితం మీద ఉన్న కారణాన్ని పట్టుకుని నేను లోపలి ప్రయాణాన్ని కొట్టేశాను. పితృస్వామ్యం వేసిన ముద్రని పితృస్వామ్యం కన్నా గట్టిగా నమ్మింది నేనే.

పాతపట్నం దాటితే పర్లాకిమిడే. రెండు ఊళ్ళూ ఆనుకునే ఉంటాయి, మధ్య ఎల్ల ఎక్కడుందో చెప్పడం కష్టం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. ఆ విభజన నచ్చక గిడుగు రామమూర్తి ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళ చరిత్రలో ఎల్ల అంటే ఇలాంటి నిష్క్రమణలు. మా అమ్మమ్మలాంటి వాళ్ళకి ఎల్ల అంటే కోడళ్ళు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రావడం. అమ్మమ్మ పుట్టిల్లు పాతపట్నం. పెళ్ళి చేసుకుని రాష్ట్రం దాటింది. ఆవిడ ప్రయాణం గురించి ఎవరూ సభ పెట్టలేదు.

గిడుగు గురించి నేను అమ్మకి చెబుతున్నాను. వాడుక భాష కోసం పోరాడారు కదా, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా, సవర భాష నేర్చుకోడానికి సవరలని ఇంట్లో పెట్టుకుని, భోజనం పెట్టి, వాళ్ళ దగ్గర నేర్చుకుని నిఘంటువు రాశారు కదా అని. అమ్మ అంతా విని, "మరి వాళ్ళకి వండిపెట్టిందెవరే?" అంది.

నేను ఈ విషయాన్ని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. స్త్రీవాద విమర్శ చదువుకున్నదాన్ని, ఆ ప్రశ్న నాకెన్నడూ రాలేదు. గిడుగు కృషి దీనివల్ల చిన్నదైపోదు. ఆ రోజుల్లో కొండల మీది మనుషుల్ని ఇంట్లోకి తీసుకురావడం ఊరి మాట పడడమే. ఆ మాట పడడంలో వంటింటికీ వాటా ఉంటుంది కదా. ఆ నిఘంటువు పుట్టడానికి కావలసిన అన్నం ఎవరి చేతి మీదుగా వచ్చిందన్నది సాహిత్య చరిత్రలో భాగం కావాలన్న మాట, ఎనిమిదేళ్ళు మంచం పక్కన గంజి కలిపిన మనిషికి వెంటనే తట్టింది.

ఊళ్ళోకి వచ్చాక బోర్డులన్నీ ఒరియాలోకి మారిపోయాయి. కొన్ని చోట్ల తెలుగూ ఉంది గానీ అన్నిటి మీదా లేదు. లాడ్జి కోసం వెతుకుతూ నేను కారు నెమ్మది చేశాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ ఒక్కో బోర్డూ చదువుకుంటూ పోతోంది. బట్టల దుకాణం, పంటి డాక్టరు, ఫలానా లాడ్జి, ముందుకెళ్ళి కుడివైపు అని. నేను బండి పక్కకాపి, "నీకు ఒరియా చదవడం వచ్చా?" అన్నాను. "రాకేం. బళ్ళో నేర్పీవారు కదా. రాయడం కూడా వచ్చు" అంది. ముప్ఫై ఏడేళ్ళ వయసులో నాకీ సంగతి తెలిసింది. "ఎప్పుడూ చెప్పలేదేం?" అంటే, "చెప్పడానికేటుంది, అక్కడ ఒరియా ఎవరిక్కావాలి?" అంది. విశాఖలో అమ్మ పదో తరగతి చదివిన గృహిణి. ఇక్కడ నేను చదువురాని మనిషిని, ఆవిడ వేలు పట్టుకుని నడవాలి.

ఎల్ల దాటితే మనిషి మారతాడని యాత్రా సాహిత్యం మీద రాసిన వాళ్ళం తరచూ అంటాం. మారడం ఒక్కటే కాదు, ఎల్లకి ఇవతల విలువ లేకపోయిన విద్యలు అవతల లేచి నిలబడతాయి. పెళ్ళి ఆడవాళ్ళని ఊరు మార్చినప్పుడల్లా ఇలా ఎన్ని భాషలు, ఎన్ని లిపులు, ఎన్ని పాటలు మూతపడ్డాయో. ద్విభాషా పాండిత్యం అని మగవాళ్ళ విషయంలో బిరుదుగా రాసేది అమ్మ విషయంలో "చెప్పడానికేటుంది" అయిపోయింది.

లాడ్జిలో గుమాస్తా మర్యాదగానే ఉన్నాడు. తెలుగు మాట్లాడాడు. ఆధార్ కార్డులు ఫోన్లలో చూపించాం. "జెంట్స్ ఎవరూ రాలేదా అమ్మా?" అన్నాడు. లేదన్నాం. పెద్ద రిజిస్టరు తీసి పేర్లు, ఊరు, వయసు రాసుకున్నాడు. చివరి గడిలో వచ్చిన పని రాయాలి. "ఏం పని మీద వచ్చారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మ, "ఊరికే" అంది. అతను తలెత్తి చూసి, మళ్ళీ దించి, ఏదో రాసుకున్నాడు. మెట్లెక్కుతుంటే అమ్మ నవ్వుతోంది. "ఏం రాశాడో చూశావా? దర్శనం అని రాశాడు" అంది. రిజిస్టరు తలకిందులుగా ఉన్నా చదివేసింది.

అతన్ని నేను తప్పుపట్టను. ఇద్దరాడవాళ్ళు, ఒకరు బొట్టు లేని పెద్దావిడ, సామాను లేకుండా ఊరికే వచ్చామంటే రాయడానికి అతని దగ్గర మాట లేదు. పాతపట్నంలో గుడి ఉంది. కార్తీక మాసం. దర్శనం అంటే అందరికీ మర్యాదగా ఉంటుంది. మా గౌరవం కాపాడడానికే రాశాడేమో కూడా. అతను చేసింది నేను నా మొదటి అధ్యాయంలో చేసిన పనే. ఆడవాళ్ళు చెప్పిన మాటని పక్కనపెట్టి, ఉన్న గడుల్లో సరిపోయే మాట రాశాం. అతను దర్శనం అని చేర్చుకున్నాడు, నేను దర్శనం కాబట్టి కుదరదని తీసేశాను.

అన్నయ్య ఫోను రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. ఎవర్నడిగి వెళ్ళారు, ఏడాది కూడా తిరగలేదు, బంధువులు చూస్తే ఏమంటారు. వాడు చెడ్డవాడు కాదు. నాన్నని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది వాడే. అమ్మ ఫోను తీసుకుంది. క్షమించమంటుందేమో అనుకున్నాను, ఎదిరిస్తుందేమో అని ఆశపడ్డాను. రెండూ చెయ్యలేదు. "ఫ్రిజ్‌లో దోసెల పిండి ఉంది. రేపటికి పులిసిపోతుంది, కోడల్ని వెయ్యమను" అని పెట్టేసింది.

మర్నాడు ఉదయం బొరా, ఘుగునీ తిన్నాం. అమ్మే ఒరియాలో అడిగి తెప్పించింది. తర్వాత పాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. దాని స్థానంలో రెండంతస్తుల మేడ, కింద సెల్‌ఫోన్ల దుకాణం. పక్కింట్లో అమ్మ స్నేహితురాలు ఉండేది. ఆమె పిల్లల దగ్గరికి భువనేశ్వరం వెళ్ళిపోయిందని ఇప్పుడున్న కోడలు చెప్పింది.

నిజం చెప్పాలంటే నేను ఆ గుమ్మం ముందు ఒక కథ కోసం ఎదురుచూశాను. పి. సత్యవతి 'ఇల్లలకగానే' చదివిన వాళ్ళందరికీ తెలుసు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోయిన ఇల్లాలు దాన్ని వెతుక్కుంటూ వెళ్తే, చిన్ననాటి స్నేహితురాలు పేరుపెట్టి పిలుస్తుంది. మన తరానికి ఆ కథ ఒక మేలుకొలుపు. పుట్టింటి ప్రయాణాన్ని యాత్ర కాదన్న నేను, ఆ కథలో పేరు దొరికేది పుట్టిన ఊరికి వెళ్ళినందువల్లేనన్న మాట మాత్రం పట్టించుకోలేదు. ఇప్పుడు అమ్మ విషయంలోనూ అలాంటి పిలుపేదో వినపడాలని కోరుకున్నాను. వినపడలేదు. స్నేహితురాలు లేదు. అమ్మ ఏమీ కుంగిపోలేదు. ఆ కోడలు ఇచ్చిన టీ తాగింది. అద్దె ఎంత, నీళ్ళు ఎన్ని గంటలకొస్తాయి అని అడిగింది. లేచి, "నది వైపు పోదాం" అంది.

మహేంద్రతనయ ఒడ్డున నిలబడి నేను ఆలోచించింది ఇది. స్త్రీవాద కథ నాకు ఒక మలుపు కోసం ఎదురుచూడడం నేర్పింది. మలుపు రాకపోతే ప్రయాణం వృథా అన్నట్టు చదవడం మాత్రం నేను నేర్చుకున్న తప్పు. అమ్మకి తన పేరు గుర్తుంది. ఎవరైనా పిలిస్తేనే అది ఉన్నట్టు కాదు. ఆవిడ చూడాలనుకున్నవి చూసింది, లేనివి లేవని తెలుసుకుంది. చాలామంది జీవితాల్లో ప్రయాణం అంటే ఇంతే. ఆ ఇంతే దొరకడానికి ఆవిడకి ఇరవై ఒక్కేళ్ళు పట్టింది.

బజారులో సవర స్త్రీలు వరసగా కూర్చుని ఉన్నారు. పసుపు, చింతపండు, చీపుర్లు. కొండల మీది ఊళ్ళ నుంచి తలల మీద మోసుకుని వచ్చినవి. అమ్మ రెండు చీపుర్లు బేరమాడకుండా కొంది. ఈ ఎల్ల ఇటూ అటూ ఉన్న కొండల్లో వాళ్ళ బంధుత్వాలు ఉన్నాయి. సంతల కోసం, కూలి కోసం, పిల్లల కోసం ఆ దార్లు నడుస్తూనే ఉన్నారు. గడప దాటడం గురించి మేము పేజీలకి పేజీలు రాస్తుంటే, గడపలోపల కూర్చునే తీరిక మాకెప్పుడుందని దళిత, ఆదివాసీ స్త్రీలు మమ్మల్ని ఎప్పుడో అడిగారు. ఆ ప్రశ్నని నా సిద్ధాంత వ్యాసం చివరి అధ్యాయంలో ఒక పేరాలో ప్రస్తావించి ఊరుకున్నాను. "ఊరికే" అనగలగడానికి కూడా ఒక కారుండాలి, నడపడం వచ్చిన కూతురుండాలి, లాడ్జిలో గది ఇచ్చే రూపురేఖలుండాలి. అమ్మ ఊరికే వెళ్ళొచ్చిందని సంబరపడుతూ ఈ మాట మరిచిపోతే నేను మరో గడి గీసినట్టే.

తిరుగుదారిలో నరసన్నపేట రాకముందే అమ్మ నిద్రపోయింది. తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి. ఛాయాదేవి 'సుఖాంతం' గుర్తొచ్చింది. కంటినిండా నిద్ర కోసం బతుకంతా ఎదురుచూసిన స్త్రీ చివరికి నిద్రమాత్రలని ఆశ్రయించిన కథ. దాన్ని నేను క్లాసులో ఇంటి చాకిరీ గురించిన కథగా చెబుతాను, అది సరైనదే. ఇప్పుడు అందులో మరొకటి కనిపిస్తోంది. ఆ స్త్రీకి నిద్ర దొరకనిది ఆవిడ ఎప్పుడూ ఎవరికో ఒకరికి అందుబాటులో ఉండే చోట ఉన్నందువల్ల. ఎనిమిదేళ్ళపాటు నాన్న దగ్గు వినపడితే లేచిన మనిషి, లారీ హారన్ల మధ్య రెండు గంటలు కదలకుండా పడుకుంది. ఆ రెండు గంటలూ ఆవిడని లేపే హక్కు ఎవరికీ లేదు. మడపాం టోలుగేటు దగ్గర కూడా నేను అద్దం నెమ్మదిగా దించాను.

అయితే పాత వాక్యం స్థానంలో ఏం రాయాలి? స్త్రీల ప్రయాణాలని కారణాన్ని బట్టి విడదీయడం మానాలి. ఏ పేరు చెప్పి వెళ్ళింది అన్నదాంతో పాటు, ఆ పేరు చాటున ఏం చేసింది, ఏం చూసింది, ఎంతసేపు ఎవరికీ అందకుండా ఉంది అని అడగాలి. పుస్తకం రాసిందా అని మాత్రమే కాక, ఉత్తరాల్లో, పద్దుపుస్తకాల్లో, పక్కింటి కబుర్లలో, పెద్దవాళ్ళ మాటల్లో ఏం మిగిలింది అని వెతకాలి. రాసినవాళ్ళ వెంట నడిచినవాళ్ళని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇలా చూస్తే నా పరిశోధన పరిధి అంత స్పష్టంగా ఉండదు. ఉండకపోయినా ఫర్వాలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇది రాస్తానని అమ్మకి చెప్పాను. ముందు, "ఇందులో రాయడానికేటుంది" అంది. తర్వాత రెండు రోజులు ఆలోచించి ఫోను చేసింది. పేరు రాయొద్దు, అన్నయ్యని మరీ చెడ్డగా చెయ్యొద్దు అని చెప్పి, ఇంకో మాట అంది. "నది దగ్గర నేను ఏడ్చినట్టు రాయకు. మీ కథల్లో అందరూ ఏడుస్తారు. నేనేడవలేదు."

నిజమే, ఏడవలేదు. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నీళ్ళు తగ్గిపోయాయి అంది. వచ్చే ఏడు బరంపురం కూడా చూడాలంది. ఎందుకని నేను అడగలేదు.